పెళ్లి దండ, బొకే నల్లబడకుండా దాచుకోవడం ఎలా? పూలు కొనేముందే చదవండి

పెళ్లిళ్ల సీజన్ అయిపోయిన నెలకల్లా ఒకటే ప్రశ్న వస్తుంది. "దండ జాగ్రత్తగా కవర్లో పెట్టి బీరువాలో దాచాం, తీసి చూస్తే నల్లగా అయిపోయింది, బూజు కూడా పట్టింది. ఇప్పుడేం చేయాలి?" ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదండీ. పెళ్లయిన మర్నాడు సాయంత్రంలోపే ఎండబెట్టడం మొదలైపోవాలి. ఇంకా చెప్పాలంటే, పూలు ఆర్డర్ ఇచ్చే రోజే సగం ఫలితం తేలిపోతుంది. పెట్టెల్లో దూరం నుంచి వచ్చి రెండు మూడు రోజులు కోల్డ్ స్టోరేజీలో గడిపిన పువ్వు కంటే, నిన్న సాయంత్రం పక్క మండలంలో కోసిన పువ్వు ఎండబెట్టినప్పుడు రంగు, ఆకారం బాగా నిలుపుకుంటుంది. అందుకే దగ్గర్లో పండిన పూలు ఎంచుకోవడం, వాటిని దాచుకోవడం రెండూ కలిపే చెబుతున్నాను.

దండ అన్నా, చర్చి పెళ్లిలో పెళ్లికూతురు పట్టుకునే బొకే అన్నా పద్ధతి ఒకటే. తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

కావాల్సినవి

- సిలికా జెల్ (తేమ పీల్చే గింజలు), సన్న రవ్వలాంటిది. ఐదారు గులాబీలు పట్టే డబ్బాకి రెండు నుంచి రెండున్నర కిలోలు పడుతుంది. సగ్గుబియ్యమంత గుండ్లు వద్దు, రేకల మీద గుంటలు పడతాయి.
- మూత బిగుతుగా పట్టే వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా
- మెత్తటి పాత నూలు బట్ట, చిన్న కత్తెర, పెయింటింగ్ బ్రష్
- వంటింటి తూకం మిషన్ (ఎలక్ట్రానిక్‌ది)
- పాత న్యూస్‌పేపర్లు, బరువుకి నాలుగు లావు పుస్తకాలు
- రెండు అంగుళాల లోతున్న అద్దం ఫ్రేము (షాడో బాక్స్ అంటే కడతారు)
- ముక్కుకి మాస్కు. సిలికా పొడి పీల్చకూడదు.

సిలికా జెల్ నారింజ రంగుదో తెల్లదో కొనండి. నీలం రంగు దాంట్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం. పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు.

1. ముహూర్తం ఏ మాసమో చూసి పూలు ఎంచుకోండి

ఫోన్‌లో ఒక ఫొటో చూపించి "ఇలాగే కావాలి" అంటే, ఆ పువ్వు కాలం కాకపోయినా ఎక్కడినుంచో తెప్పించి ఇస్తారు. డబ్బూ ఎక్కువ, పువ్వూ పాతది. కాలానికి తగ్గట్టు అడిగితే ఈ తలనొప్పి ఉండదు.

కార్తీకం, మార్గశిరం పెళ్లిళ్లకు చామంతి, బంతి. పగటి పొద్దు తగ్గాకే చామంతి సహజంగా పూస్తుంది కాబట్టి ఆ నెలల్లో రంగులు ఎక్కువ, రేకులు గట్టిగా ఉంటాయి. మాఘ ఫాల్గుణాల్లో గులాబీ బాగుంటుంది. వైశాఖ జ్యేష్ఠాలు మల్లెల కాలం, తోడు కనకాంబరం ఉండనే ఉంది. శ్రావణం మాత్రం చిక్కు. వానకి బంతి పువ్వు లోపల నీరు పట్టి తొడిమ దగ్గర కుళ్లుతుంది, పైగా వరలక్ష్మీ వ్రతం శుక్రవారం చుట్టూ ధరలు కొండెక్కి కూర్చుంటాయి. శ్రావణంలో ముహూర్తమైతే ఆ శుక్రవారానికి రెండు రోజులు అటూ ఇటూ లేకుండా చూసుకోండి. పంతులుగారు ఒప్పుకుంటేనే అనుకోండి.

ఏ పువ్వు ఎండాక ఎలా ఉంటుందో ముందే తెలిస్తే తర్వాత బాధ ఉండదు:

- *బాగా నిలిచేవి:* బొగడబంతి, గునుగు, సీతజడ, ముద్దబంతి, చిన్న గులాబీలు, పసుపు చామంతి. మరువం, దవనం ఎండినా వాసన పోదు.
- *రంగు మారేవి:* ఎర్ర గులాబీ ముదురు మెరూన్‌కి, ఒక్కోసారి నలుపుకి తిరుగుతుంది. గులాబీ రంగుదీ, పసుపుదీ నయం. తెల్లవన్నీ మీగడ రంగుకి వస్తాయి.
- *నిలవనివి:* మల్లె, జాజి, లిల్లీ దండల్లో వాడే నేలసంపెంగ. ఏం చేసినా గోధుమ రంగుకి తిరుగుతాయి. "మేం మల్లెని తెల్లగానే ఉంచుతాం" అని ఎవరైనా మాటిస్తే, ఏడాది కిందట చేసింది ఒకటి చూపించమనండి.

బతుకమ్మలో పేర్చే గునుగు ఎండినా ఆకారం చెడదు. దసరా ముందు గట్ల మీద విరగబూస్తుంది. అప్పుడే కోసి, కట్టలుగా కట్టి తలకిందులుగా వేలాడదీస్తే కార్తీక మాసం పెళ్లిలో మండపానికో బొకేకో పనికొస్తుంది. ఖర్చు దాదాపు సున్నా.

2. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఈ నాలుగు మాటలు చెప్పండి

గోదావరి జిల్లాల వాళ్లకి కడియపులంక, హైదరాబాద్ వాళ్లకి గుడిమల్కాపూర్ మార్కెట్లు తెలిసినవే. కానీ మార్కెట్లో ఉన్న పువ్వంతా దగ్గరిదే అనుకోకండి. బుట్టల్లో, గోనె సంచుల్లో విడిగా వచ్చింది సాధారణంగా చుట్టుపక్కల ఊళ్లది. అట్టముక్కలో చుట్టి, మొగ్గకి వలలాంటి టోపీ తొడిగి ఉన్న గులాబీలు పాలీహౌస్‌లో (ప్లాస్టిక్ షీటు కప్పిన షెడ్డులో) పెరిగి పెట్టెల్లో వచ్చినవి. కాడకి చిన్న నీళ్ల గొట్టం తగిలించిన ఆర్కిడ్ అయితే, చాలావరకు థాయ్‌లాండ్ నుంచి విమానం దిగిందే. "ఇది ఏ ఊరి పువ్వు, ఎప్పుడు కోశారు?" అని అడగడానికి మొహమాటపడొద్దు. పూల వ్యాపారం చేసేవాళ్లకి ఆ ప్రశ్న కొత్తేం కాదు.

దండ కట్టేవాళ్లకి చెప్పాల్సినవి:

- అరటి నారతో గానీ నూలు దారంతో గానీ కట్టండి. నైలాన్ దారం, ప్లాస్టిక్ పూసలు, థర్మాకోల్ గుండ్లు వద్దు.
- రంగు స్ప్రే, మెరుపుల పొడి వద్దు. స్ప్రే కొట్టిన పువ్వు లోపలి నీరు సరిగ్గా బయటికి రాదు, ఎండే లోపే కుళ్లుతుంది.
- కట్టాక దండ మీద నీళ్లు చల్లొద్దు, తడి బట్ట కప్పితే చాలు.
- దండలో వాడిన పూలలోంచే ఒక పది, పదిహేను పూలు విడిగా ఇవ్వండి.

ఆఖరిది మాత్రం మర్చిపోవద్దు. దండ మెడలో నాలుగైదు గంటలు ఉంటుంది, కౌగిలింతలు, ఫొటోలు, తలంబ్రాలు అన్నీ దాని మీదే. నలిగిన పువ్వు స్థానంలో పెట్టడానికి అదే లాట్ పువ్వు చేతిలో ఉంటే ఫ్రేము నిండుగా వస్తుంది.

మండపం, స్టేజీ అలంకరణలో ఆకుపచ్చ స్పాంజి ఇటుకల్లో పూలు గుచ్చుతారు కదా, అది ప్లాస్టిక్. మట్టిలో కలవదు, చేత్తో నలిపితే పొడి పొడిగా అయి కాలవల్లోకి పోతుంది. దాని బదులు అరటి బోదె ముక్కల్లో గుచ్చమనండి. బోదెలో తడి ఉంటుంది కాబట్టి పూలు ఒక పూట హాయిగా నిలుస్తాయి. కాడ మెత్తగా ఉన్న పువ్వయితే ముందు చీపురు పుల్లతో బెజ్జం చేసి గుచ్చాలి. బొకేకి అసలు ఏ ఇటుకా అక్కర్లేదు, కాడలన్నీ ఒకవైపు తిప్పుతూ పేర్చి నూలు దారంతో బిగిస్తే చేతిలో బాగా కుదురుతుంది.

ఇంటి దగ్గర నాలుగు గజాల చోటుంటే బంతి మీరే వేసుకోవచ్చు. విత్తిన రెండు, రెండున్నర నెలలకి పూతకొస్తుంది. మొక్క జానెడు దాటగానే తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, పూలు ఎక్కువ. కాకపోతే పూత కొన్ని రోజులు వెనక్కి పోతుంది, ఆ లెక్క చూసుకుని విత్తండి. మొత్తం పెళ్లికి ఇదొక్కటే నమ్ముకోవద్దు. గుమ్మాలకీ, మామిడి తోరణాల మధ్యకీ సరిపోతే చాలు.

3. పెళ్లి రోజు: ఒక మనిషికి అప్పజెప్పండి

పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ ఆ టైంలో దండ గురించి ఆలోచించే తీరిక ఉండదు. పిన్నికో, మేనత్త కూతురికో ముందే చెప్పి ఉంచండి. వాళ్లు చేయాల్సింది ఇంతే:

దండ తీసిన వెంటనే మెత్తటి నూలు బట్ట మీద పరిచి, అక్షింతలు దులిపి, తడి ఉంటే అద్దినట్టు తుడవాలి. తర్వాత న్యూస్‌పేపర్ పరిచిన అట్టపెట్టెలో వదులుగా పెట్టి చల్లటి చోట ఉంచాలి. ఫ్రిజ్‌లో అయితే కూరగాయల అరలో. పక్కన అరటిపళ్లు, మామిడిపళ్లు ఉంటే తీసేయాలి, పండే పళ్ల నుంచి వచ్చే వాయువుకి పూలు త్వరగా రాలతాయి. బొకే అయితే కాడలు కొద్దిగా కత్తిరించి గ్లాసు నీళ్లలో నిలబెట్టాలి.

రెండు పనులు మాత్రం అస్సలు చేయకూడదు. పాలిథిన్ కవర్లో కట్టకూడదు, పువ్వు చెమట పట్టి రాత్రికి రాత్రే మచ్చలొస్తాయి. డీప్ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, బయటికి తీయగానే రేకులు ఉడికిన ఆకుకూరలా జారిపోతాయి.

4. దండ మొత్తం దాచాలని పట్టుపట్టకండి

ఐదడుగుల దండ మొత్తం ఫ్రేములో పెట్టాలంటే తలుపంత ఫ్రేము కావాలి. కింద కుచ్చు, మెడ దగ్గరి ఒక జానెడు భాగం, ఇంకో ఎనిమిది, పది మంచి పూలు. ఇవి చాలు. ఇద్దరి దండల నుంచీ సమంగా తీయండి, లేకపోతే తర్వాత ఒకరి పూలే ఉన్నాయని మాట వస్తుంది!

పూలజడ మల్లెలదైతే దాన్ని వదిలేయండి. జడకి వాడిన రాళ్ల బిళ్లలు, జడగంటలు దాచుకుని, పువ్వుని మంచి ఫొటో తీసి పెట్టుకోవడమే మేలు. మధ్యలో కనకాంబరాలు ఉంటే వాటిని విడిగా తీసి పుస్తకంలో అదిమి పెట్టొచ్చు, పల్చటి రేకు కాబట్టి చక్కగా వస్తాయి.

5. ఎండబెట్టడం

*సిలికా జెల్ పద్ధతి.* నా ఓటు దీనికే. డబ్బా అడుగున అంగుళం మందం సిలికా పోయండి. పువ్వు కాడ అంగుళం వదిలి కత్తిరించి, ముఖం పైకి ఉండేలా నిలబెట్టండి. ఒక పువ్వుకి ఇంకోటి తగలకూడదు. ఇప్పుడు చెంచాతో సిలికాని పువ్వు చుట్టూ పోస్తూ రండి. పై నుంచి గుమ్మరిస్తే రేకులు అణిగిపోయి ఆకారం చెడుతుంది. పక్కల నుంచి మట్టం పెరుగుతూ రావాలి, గులాబీ అయితే రేకుల సందుల్లోకి కొద్దికొద్దిగా జారవిడవాలి. ఒక పువ్వుకి రెండు మూడు నిమిషాలు పట్టినా తొందరపడకండి. పూర్తిగా మునిగాక పైన అర అంగుళం పోసి, మూత బిగించి, తేదీ రాసి పక్కన పెట్టండి.

చిన్న గులాబీ, చామంతి మూడు నాలుగు రోజులు. పెద్ద గులాబీ, ముద్దబంతి ఐదు నుంచి ఏడు రోజులు. రోజూ మూత తీసి చూడొద్దు, తీసిన ప్రతిసారీ గాలిలో తేమ లోపలికి పోతుంది. గడువు దాటి వారాల తరబడి వదిలేసినా నష్టమే, రేకులు అప్పడంలా పెళుసై తీస్తుండగానే విరిగిపోతాయి. తీసేటప్పుడు డబ్బాని వంచి సిలికా మెల్లగా ఒలికించండి. పువ్వుని కాడ పట్టుకుని లాగొద్దు, కింద నుంచి వేళ్లతో ఎత్తండి. అంటుకున్న గింజల్ని బ్రష్‌తో దులపండి.

వాడిన సిలికా పారేయొద్దు. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడి చేస్తే మళ్లీ పనికొస్తుంది. నారింజ రంగుది తేమ తాగితే ముదురు ఆకుపచ్చగానో, రంగు వెలిసినట్టో అవుతుంది, వేడి చేశాక మళ్లీ నారింజకి వస్తే సిద్ధమైనట్టు. వంటకి వాడే గిన్నె మాత్రం దీనికి వాడొద్దు.

*వేలాడదీసే పద్ధతి.* బొకేకి, గునుగు, బొగడబంతి, మరువం లాంటివాటికి ఇది చాలు. చిన్న చిన్న కట్టలుగా విడదీసి, వెలుతురు లేని, గాలి ఆడే గదిలో తలకిందులుగా రెండు మూడు వారాలు. బొకే విప్పకుండా అలాగే వేలాడదీస్తే మధ్యలో తడి నిలిచి బూజు పడుతుంది. రాయలసీమ, తెలంగాణ వేసవిలో ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది. కాకినాడ, విశాఖ లాంటి చోట వర్షాకాలంలో నమ్ముకోవద్దు, ఏసీ గదిలో అయితే కొంత నయం. ఎండలో మాత్రం ఎక్కడా పెట్టొద్దు. తొందరగా ఎండుతుంది, అంతే తొందరగా రంగూ పోతుంది.

*అదిమే పద్ధతి.* కనకాంబరం, విడి రేకులు, మరువం రెమ్మలు, మామిడి ఆకుకి. న్యూస్‌పేపర్ మడతల మధ్య సాదా తెల్ల కాగితం పెట్టి, అందులో పూలు పరిచి పైన బరువు పెట్టండి. మొదటి నాలుగు రోజులు రోజూ కాగితం మార్చాలి, తర్వాత రెండు వారాలు కదపకూడదు. మందంగా ఉండే గులాబీని మొత్తంగా అదమొద్దు, రేకులు విడదీయండి.

బియ్యంలో పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. బియ్యం తేమ లాగేది చాలా తక్కువ, పైగా పురుగుని పిలిచి కూర్చోబెట్టినట్టే. సిలికా దొరక్కపోతే జల్లించి, కడిగి, మూకుడులో బాగా వేయించి చల్లార్చిన సన్న ఇసుక నయం. దాంట్లో రెండు మూడు వారాలు పడుతుంది, డబ్బా మూత తీసి ఉంచాలి.

6. నిజంగా ఎండిందా? ఇలా చూడండి

నల్లబడటానికి, బూజుకి చాలావరకు కారణం ఇక్కడే. పైన రేకు గలగలమంటుంది, లోపల తొడిమ దగ్గర పచ్చిగానే ఉంటుంది. చేత్తో తాకి సరేననుకుని ఫ్రేములో బిగించేస్తారు.

తూకం పరీక్ష చేయండి. తీసిన పూలన్నీ కలిపి తూచి రాసుకోండి. మళ్లీ సిలికా డబ్బాలో ఒక రోజు ఉంచి తూచండి. బరువు తగ్గితే ఇంకా నీరు పోతోందని అర్థం. రెండు రోజులు వరసగా ఒకే బరువు చూపిస్తేనే ఎండినట్టు.

తూకం లేకపోతే గాజు సీసా పరీక్ష. పొడి సీసాలో పూలు వేసి మూత బిగించి కాసేపు ఎండ తగిలే కిటికీలో పెట్టండి. గాజు లోపలివైపు ఆవిరి పట్టినట్టు మసక కనిపిస్తే మళ్లీ సిలికాలోకి పంపాల్సిందే.

7. ఫ్రేము కట్టడం

వెనక గుడ్డకి పెళ్లి పట్టు జాకెట్ ముక్కో, మధుపర్కాల అంచో వాడితే అందం. రాళ్లు, జరీ బరువుగా ఉన్న ముక్క పూలని ఒరుసుకుంటుంది, సాదాది ఎంచుకోండి. బాసికం ఎండబెట్టే పని లేదు, నేరుగా పెట్టొచ్చు. తలంబ్రాల గింజలు పెట్టాలనుకుంటే నీడలో బాగా ఆరబెట్టి, గాలి చొరని కవర్లో నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పకండి. ఇలా చేస్తే పురుగు గుడ్లు చస్తాయి.

పూలని సన్న దారంతో కుట్టడం మేలు. గ్లూ గన్ వాడితే చుక్క వేసి రెండు మూడు సెకన్లు ఆగి పువ్వు ఆనించండి. క్షణాల్లో అంటుకునే ట్యూబ్ జిగురు వాడొద్దు, దాని ఆవిరికి అద్దం లోపల తెల్లటి పొర పడుతుంది, మళ్లీ విప్పి తుడవాల్సిందే. ఒక మూల, గుడ్డ వెనక చిన్న సిలికా పొట్లం పెట్టి, వెనక పలకని విప్పగలిగేలా స్క్రూలతో బిగించమనండి. వానాకాలం ముందు ఏటా ఒకసారి ఆ పొట్లం మార్చుకోవచ్చు. గోడకి తగిలించేటప్పుడు కిటికీ ఎదురుగా, వంటింటి గోడకి, బాత్రూం పక్క గోడకి వద్దు.

రెజిన్‌లో (పోశాక అద్దంలా గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) పోయించుకోవచ్చా?

చూడ్డానికి బాగుంటుంది, ఇష్టమైతే చిన్న లాకెట్‌కో కీచైన్‌కో చేయించుకోండి. పెద్ద పలకల మీద నాకు మోజు లేదు. అది ఎన్నటికీ మట్టిలో కలవని ప్లాస్టిక్, కాలం గడిచేకొద్దీ పసుపుబారుతుంది, తప్పు జరిగితే విప్పే వీలుండదు. ఇంట్లో చేసేట్టయితే డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలపాలి, చేతికి గ్లవ్స్, కిటికీలు తెరిచి ఉండాలి. ఒకేసారి మందంగా పోస్తే వేడెక్కి బుడగలు, పగుళ్లు వస్తాయి, పల్చటి పొరలుగా పోయండి. పచ్చి పువ్వు వేస్తే లోపలే గోధుమ రంగుకి తిరుగుతుంది. తెల్ల రేకులు రెజిన్ పీల్చి అద్దంలా పారదర్శకం అయిపోతాయి, ముందే పల్చగా సీలర్ (రేకు రెజిన్ పీల్చకుండా ఆపే పూత) పూయాలి.

బయట చేయించుకునేట్టయితే పువ్వు ఎన్ని గంటల్లోపు అందాలి, ఎండబెట్టేది వాళ్లేనా, ఏడాది పాతబడిన పని చూపిస్తారా, మిగిలిన పూలు తిరిగిస్తారా అని అడిగాకే అడ్వాన్స్ ఇవ్వండి. కొరియర్‌లో పచ్చి పూలు పంపమంటే ఒప్పుకోకండి. ఇంట్లో ఎండబెట్టి పంపండి.

మిగిలిన పూలు

జరీ, పిన్నులు, ప్లాస్టిక్ ఏరేసి, పూలకి రెండింతలు ఎండుటాకులు కలిపి, బెజ్జాలున్న డ్రమ్ములో పొరలుగా వేయండి. పుల్లటి మజ్జిగ చల్లి వారానికోసారి తిరగేస్తే రెండు మూడు నెలలకి ఎరువు. వాసన వస్తే తడి ఎక్కువైనట్టు, ఇంకా ఎండుటాకులు వేయండి. పెళ్లి పూలు తొక్కుళ్లలో పడకూడదనే పట్టింపు ఇంట్లో ఉంటే కూడా ఇబ్బంది లేదు, ఆ ఎరువు తులసి కోటలోకే వెళ్తుంది.

విదేశాలకు తీసుకెళ్తుంటే

ఫ్రేము కట్టకుండా, ఎండిన పూలు మాత్రమే గట్టి డబ్బాలో దూది మధ్య పెట్టి చేతి బ్యాగులో పెట్టుకోండి. అమెరికాలో దిగినా, ఆస్ట్రేలియాలో దిగినా ఎండిన పూలని కూడా కస్టమ్స్‌లో డిక్లేర్ చేయాలి. తలంబ్రాల బియ్యం అసలు పట్టుకెళ్లొద్దు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో తనిఖీ బాగా కఠినం, డిక్లేర్ చేసినా పట్టుకుపోయే అవకాశం ఉంది, చెప్పకుండా దొరికితే జరిమానా కట్టాలి. అందుకని పూలు రెండు భాగాలు చేసి ఒక భాగం అమ్మ దగ్గరో అత్తగారి దగ్గరో ఉంచి వెళ్లండి.